ప్రేమానందం మాస్టారు ఇచ్చిన గోలు

వాన పడితే నందిగామ హైస్కూలు పిల్లలు సంబరపడేవాళ్ళు. గ్రౌండు బురదైపోతే డ్రిల్లు ఉండదు. డ్రిల్లు లేకపోతే ప్రేమానందం అందర్నీ పొడుగు వరండాలో బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి, తను గోడకి ఆనుకుని, ఏదో ఒక దేశంలో ఎవడో ఒకడు వేసిన గోలు కథ చెప్పడం మొదలెట్టేవాడు.

అతను కళ్ళారా చూసినవి కావవి. దేశాల మధ్య జరిగే ఆట ఒక్కటీ అతను చూళ్ళేదు. పేపర్లో చదివింది కొంత, పంచాయతీ రేడియోలో విన్నది కొంత, మద్రాసులో డ్రిల్లు ట్రెయినింగప్పుడు తోటివాళ్ళు చెప్పుకున్నది కొంత. కానీ చెబుతుంటే బంతి వరండాలోనే దొర్లుతున్నట్టు ఉండేది.

"యాభయ్యో సంవత్సరం. ప్రపంచ కప్పు ఆఖరాట బ్రెజిల్ వాళ్ళ సొంతూళ్ళో. చూడొచ్చిన జనం రెండు లక్షలకి అటూ ఇటూ. మన పెనుగంచిప్రోలు తిరనాళ్ళు అక్కడ ఒక మూల సరిపోతాయి. ఆట సమానమైనా చాలు, కప్పు బ్రెజిల్‌దే. కాసేపట్లో అయిపోతుందనగా ఉరుగ్వే వాడొకడు కుడి పక్కనించి దూసుకొచ్చాడు. వీడు బంతిని మధ్యలోకి వేస్తాడనుకుని గోల్‌కీపరు ఒక్కడుగు ఇటు జరిగాడు. ఆ ఒక్కడుగు సందులోంచి కొట్టేశాడు!"

"అప్పుడేమైంది సార్?"

"ఏమీ కాలేదు. అంత జనంలో చప్పుడన్నదే లేదు."

పిల్లలు ఆ గోలు వేసినవాడి గురించి అడిగేవాళ్ళు. ప్రేమానందం మాత్రం ఆ గోల్‌కీపరు గురించే చెప్పేవాడు. "పాపం, వాడు ఇంటికి ఎలా వెళ్ళాడో. మర్నాడు కూరగాయల కొట్టు దగ్గర ఎవరేమన్నారో."

అతని బుద్ధే అంత. ఎవరు గెలిచినా అతని ఆలోచన ఇరుక్కుపోయినవాడి చుట్టూ తిరిగేది. యాభై నాలుగులో నాలుగేళ్ళుగా ఓటమి ఎరగని హంగరీ, వానలో జర్మనీ చేతిలో ఓడింది. అందరూ జర్మనీ వాడు కొట్టిన మూడో గోలు చెప్పుకుంటే, ప్రేమానందం ఆ తర్వాత హంగరీ కెప్టెను కొట్టిన గోలు చెప్పేవాడు. బంతి లోపలికెళ్ళింది, జనం లేచారు, లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడన్నాడు. గోలు చెల్లలేదు. "ఆ జెండా ఎత్తిన చెయ్యి ఎంత వణికుంటుందో ఆలోచించండిరా" అనేవాడు. మెల్బోర్న్ ఒలింపిక్సులో మన నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియా వాళ్ళ ఊళ్ళో వాళ్ళ మీదే మూడు గోల్సు వేసిన కథ ఒక్కటే అతను భయం కలపకుండా చెప్పేది. ఆ కథకి పిల్లలు గోడలదిరేలా చప్పట్లు కొట్టేవాళ్ళు.

ప్రేమానందానిది జగ్గయ్యపేట. తండ్రి అక్కడ సున్నపు బట్టీలో పనిచేసేవాడు. నీళ్ళు పోసిన సున్నం ఎప్పుడు ఉడుకుతుందో, ఎప్పుడు ముఖాన చిమ్ముతుందో తెలియదు కాబట్టి ఆ ఇంట్లో అందరికీ ఒకడుగు వెనక్కి వేసి నిలబడే అలవాటు. మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. అక్కడే బంతి తన్నడం నేర్చాడు. పెద్ద ఆటగాడేం కాలేదు గానీ రూళ్ళు మాత్రం వేదవాక్యంలా పట్టుబడ్డాయి. యాభై ఆరులో నందిగామలో డ్రిల్లు మాస్టారయ్యాడు. భార్య కమలాకుమారి ఆ ఊరి మిషను బడిలోనే చిన్న క్లాసులకి పాఠం చెప్పేది. తల్లి పున్నమ్మ మాత్రం జగ్గయ్యపేట వదిలి రానంది.

నందిగామకీ పేటకీ మధ్య ఏటా ఒక ఫుట్‌బాల్ మ్యాచి జరిగేది. జగ్గయ్యపేటని ఆ చుట్టుపక్కల అందరూ పేట అనే అంటారు. ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. ఆట కన్నా తగూలే ఎక్కువ గుర్తుండేవి. ఎవర్ని రెఫరీగా పెట్టినా రెండో ఊరు ఒప్పుకునేది కాదు. చివరికి ప్రేమానందం దొరికాడు. పుట్టింది పేట, ఉద్యోగం నందిగామ. ఇద్దరూ మనవాడే అనుకున్నారు. "ఇద్దరికీ మనవాడంటే ఇద్దరికీ పగవాడయ్యే రోజు ఒకటొస్తుందండీ" అంది కమలాకుమారి మొదట్లోనే. ఆ మాట ప్రేమానందానికి ముందే తెలుసు. ఏటా ఆ మ్యాచి దగ్గరపడే కొద్దీ అతనికి అన్నం సయించేది కాదు.

ఆ రోజు అరవై ఒకటి నవంబరులో వచ్చింది.

మ్యాచి నందిగామ గ్రౌండులో. ముందు రోజంతా ముసురు. పొద్దున్నే సున్నంతో గీతలు వేయించాడు ప్రేమానందం. మధ్యాహ్నానికి మళ్ళీ ఒక జల్లు పడి గీతలన్నీ పాలు ఒలికినట్టు చెదిరిపోయాయి. మళ్ళీ వేయిద్దామంటే సున్నం అయిపోయింది. రెండు సరుగుడు దుంగలు, వాటి మీద అడ్డంగా ఒక వెదురు బొంగు. అదే గోలు పోస్టు. వెనక వల లేదు. వాయిదా వేద్దామని అడిగాడు. పేట నుంచి లారీల్లో జనం దిగిపోయారు, వాయిదా ఏమిటని రెండు పక్కలా కేకలేశారు.

నందిగామ గోల్‌కీపరు భవానీప్రసాద్. ఊళ్ళో పెద్ద రైతు, స్కూలు కమిటీలో ముఖ్యుడు దశరథరామయ్య గారి కొడుకు. పొడుగ్గా, ఒడుపుగా ఉండేవాడు. ప్రేమానందం చేతుల మీదే తయారయ్యాడు. పేట తరఫున సెంటర్ ఫార్వర్డు తిరుపతిరావు, ఎడ్ల బేరగాడి కొడుకు, తలతో కొడితే బంతి రాయిలా వెళ్ళేది.

చెరొక గోలూ పడి ఆట సమానంగా ఉంది. ప్రేమానందం గడియారం చూసుకున్నాడు. ఇంకొంచెం సేపట్లో అయిపోతుంది. ఇలాగే అయిపోతే బాగుండునని మనసులోనే ప్రార్థన చేసుకున్నాడు. అంతలో పేట వాళ్ళకి కార్నర్ కిక్కు దొరికింది. బంతి గాల్లో తేలి వచ్చింది. తిరుపతిరావు ఎగిరి తలతో కొట్టాడు. బంతి వెదురు బొంగుకి అడుగువైపు తగిలి 'ఠప్' మంది. కిందికి పడింది. బురద చిమ్మింది. మళ్ళీ బయటికొచ్చింది. భవానీప్రసాద్ దాని మీద పడి కౌగిలించుకున్నాడు.

ప్రేమానందం అక్కడికి బాగానే దగ్గరగా ఉన్నాడు. కానీ బంతి నేలని తాకే ఆ ఒక్క లిప్తలో నందిగామ తరఫున బ్యాకు ఆడేవాడి వీపు అడ్డొచ్చింది. అతను చూసింది బురద చిమ్మడం. ఆ చిమ్మింది గీతకి లోపలి పక్కనే అనిపించింది. గీతేమో చెదిరిపోయి ఉంది. ఆ పక్క లైన్స్‌మన్ పేటవాడు, బంతి ఇంకా గాల్లో ఉండగానే జెండా ఊపేస్తున్నాడు. వాణ్ణి అడిగి లాభం లేదు. ఈల ప్రేమానందం నోట్లోనే ఉంది. తనే ఊదాడో, బిగబట్టిన ఊపిరి వదిలితే అదే మోగిందో తర్వాతెప్పుడూ తేల్చుకోలేకపోయాడు.

ఈల మోగింది. చెయ్యి గ్రౌండు మధ్యకి చూపించింది. గోలు.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగానే గుర్తు. గొడుగులు గాల్లోకి లేచాయి. ఎవరో చొక్కా పట్టుకున్నారు. ఎవరిదో చెప్పు భుజానికి తగిలింది. అంతకన్నా ఘోరం, పేట వాళ్ళు పరిగెత్తుకొచ్చి అతన్ని భుజాల మీదికి ఎత్తేసుకున్నారు. "మా ప్రేమానందం! మా ఊరి బిడ్డ!" అని కేకలు.

"దించండర్రా! మీకు పుణ్యముంటుంది, దించండి!" అని వాళ్ళ తలల మీద గుద్దాడు. ఎవరికీ వినపడలేదు. అలా ఊరేగుతూనే నందిగామ జనం ముఖాలు చూశాడు. వాళ్ళు తిట్టడం మానేసి ఊరికే చూస్తున్నారు.

జనం పలచబడ్డాక గోలు పోస్టు దగ్గరికి పరిగెత్తాడు. తడి నేల మీద బంతి పడ్డ గుంట ఉంటుంది కదా, ఒక్కసారి చూస్తే తేలిపోతుంది కదా అని ఆశ. అక్కడ ఊరందరి పాదాలూ పడి ఉన్నాయి.

అతను ఇంటికి రాగానే కమలాకుమారి తలుపు వేసి గడియ పెట్టింది. స్టవ్వు మీద నీళ్ళు పెట్టి, అతని భుజానికి కాపడం పెడుతూ అడిగింది.

"లోపల పడిందా అండీ?"

"పడిందనే ఊదా."

"అది కాదు నేనడిగేది."

అతను బురద కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

మర్నాటి నుంచి ఆ బంతి రోజుకొక చోట పడటం మొదలెట్టింది. నందిగామ కాఫీ హోటల్లో జానెడు బయట పడిందన్నవాళ్ళు వారం తిరిగేసరికి మూరెడు బయట అన్నారు. తల్లిని చూడ్డానికి పేట వెళితే తిరుపతిరావు బస్సు దగ్గరే ఎదురొచ్చి దండం పెట్టాడు. "బారెడు లోపల పడింది మాస్టారండీ, గుడ్డోడికైనా కనపడుద్ది" అన్నాడు. పున్నమ్మ ఇంటి ముందు ఎవరెవరో ఆగి పలకరించి వెళ్తున్నారు. ఆవిడ మాత్రం కొడుకుని లోపలికి పిలిచి, గొంతు తగ్గించి అంది. "ఒరే ఆనందం, ఇన్నేళ్ళలో మన గుమ్మం వైపు చూడనోళ్ళు ఇయ్యాల చూస్తున్నారు. నాకు బయంగా ఉంది నాయనా. నువ్వేం చేశావు?"

"ఈల ఊదానమ్మా. అంతే."

రెండు ఊళ్ళలోనూ ఇంత ఖాయంగా చెబుతున్నారే, మరి అంత దగ్గరగా ఉండి నాకెందుకు తెలియలేదు అన్నదే అతన్ని తొలిచేసింది. ఇంట్లో వరండా మీద సుద్దముక్కతో గీత గీసి, నిమ్మకాయని గోడకి కొట్టి, అది పడ్డ చోటు చూసేవాడు. ఒకసారి లోపల పడేది, ఒకసారి గీత మీద పడేది. బంతి మొత్తం గీత దాటితేనే గోలు. ముప్పాతిక దాటినా కాదు. ఈ రూలు పిల్లలకి వందసార్లు చెప్పినవాడే. కొన్నాళ్ళు చూసి కమలాకుమారి ఆ నిమ్మకాయల్ని కోసి పులిహోర కలిపేసింది.

దశరథరామయ్య గారి నుంచి కబురొచ్చింది. పొద్దున్నే వెళ్ళాడు. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. ప్రేమానందానికి అరుగు చివర విడిగా ఉంచే గాజుగ్లాసులో కాఫీ వచ్చింది.

"కూచో ప్రేమానందం. పిల్లాడు గ్రౌండుకి పోవడం మానేశాడు. చూశావా?"

"చూశానండి."

"నలుగురూ వాడి చేతుల్లోంచి పోయిందంటున్నారు. మా ఇంటా వంటా లేని మాట. నేను నిన్ను తప్పు పట్టట్లా. వాన, బురద, గీత లేదు. ఎవడికైనా పొరపాటు సహజం. స్కూల్లో మీటింగు పెడుతున్నాం. పేట పెద్దలూ వస్తారు. నాలుగు ముక్కలు చెప్పు. సరిగ్గా కనపళ్ళేదు, తొందరపడ్డా అను. మళ్ళీ ఆడించుకుందాం. నీకూ పోయేదేం లేదు, మాకూ గౌరవం."

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ప్రేమానందానికి ఇంకా భయమేసింది. ఆయన అడిగింది అబద్ధం కూడా కాదు. సరిగ్గా కనపడలేదన్నది నిజమే. ఆ నిజం చెబితే చాలు, బయటపడిపోతాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆలోచించుకుంటానండి" అన్నాడు.

"ఆలోచించుకో. కమలాకుమారి ఉద్యోగం ఇక్కడే కదూ?" అన్నాడాయన, మామూలుగా యోగక్షేమాలు అడిగినట్టే.

ఇంటికొచ్చి చెబితే కమలాకుమారి రాళ్ళు ఏరుతున్న బియ్యం చేట పక్కన పెట్టింది. "మీరేం చెప్పినా నేను మీ పక్కనే ఉంటా. కానీ వాళ్ళు చెప్పమన్నది చెప్పొచ్చి, తర్వాత ఆ వరండాలో మళ్ళీ నిమ్మకాయలు కొట్టుకుంటూ కూర్చుంటే మాత్రం నా వల్ల కాదండీ" అంది.

మీటింగు రోజు హాలు కిటకిటలాడింది. ఒక పక్క నందిగామ పెద్దలు, ఒక పక్క పేట పెద్దలు. ముందు భవానీప్రసాద్‌ని లేపి అడిగారు. అతను బల్ల వైపు చూస్తూ "లోపల పళ్ళేదండి" అని కూర్చున్నాడు. తర్వాత ప్రేమానందాన్ని లేపారు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"బంతి లోపల పడిందని ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేనండి" అన్నాడు. నందిగామ పక్క తలలు ఊగాయి. దశరథరామయ్య గారు కుర్చీలో వెనక్కి వాలాడు. "పడలేదని కూడా చెయ్యలేను. ఊదిన క్షణాన నా కంటికది గోలు. ఆ తర్వాత నాకేం కొత్తగా కనపడలేదు. భయమే వచ్చింది. భయపడి మార్చాననుకోండి, రేపు ఏ పిల్లాడూ నా ఈలకి ఆగడు. నేనిచ్చింది గోలే. అలాగే ఉండనివ్వండి."

మాట్లాడింది తనేనా అని తనే ఆశ్చర్యపోయాడు. హాల్లో గోల లేచింది. "ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక తెచ్చుకున్నాం" అన్నారెవరో వెనకనించి. పేట వాళ్ళకీ ఆ మాటలు నచ్చలేదు. ప్రమాణం చెయ్యలేనంటాడేమిటి, గెలిచిన గెలుపుకి మచ్చపెట్టాడని వాళ్ళూ తిట్టుకుంటూ లేచారు. ఆ ఏటితో మ్యాచి ఆగిపోయింది. కొత్త సంవత్సరం రాగానే ప్రేమానందానికి పైనించి బదిలీ ఉత్తర్వు వచ్చింది. వీరులపాడు.

వీరులపాడు ఏమంత దూరం కాదు. కానీ ఆ రోజుల్లో బస్సు ఎప్పుడొస్తుందో, వానకి రోడ్డు ఎప్పుడు మునుగుతుందో తెలియదు. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి శనివారం నందిగామ వచ్చేవాడు. కమలాకుమారి ఉద్యోగం పోయిందేమోనని ప్రతి శనివారం గుమ్మంలోనే ఆవిడ ముఖం చూసి తెలుసుకునేవాడు. పోలేదు. పోతుందన్న భయమూ పోలేదు.

వీరులపాడు బడిలో ఆటస్థలమంటే కోతలయ్యాక మిగిలే మడిచెక్కే. డ్రిల్లు చేయించేవాడు, కబడ్డీ ఆడించేవాడు. ఈల మాత్రం పట్టలేదు. చప్పట్లు కొట్టి సరిపెట్టేవాడు. వానొస్తే అక్కడి పిల్లలకీ కథలు చెప్పాడు గానీ మునపటి రుచి లేదు. స్వీడన్‌లో పదిహేడేళ్ళ పెలె బంతిని ఒకడి తల మీంచి ఎగరేసి, నేల తాకకుండానే కొట్టిన గోలు చెబుతుంటే మధ్యలో ఆగి, "అది స్పష్టంగా పడిందిరా. అందరికీ కనపడేట్టు పడింది" అనేవాడు. పిల్లలకి అర్థమయ్యేది కాదు.

అరవై రెండు సెప్టెంబరులో మనవాళ్ళు జకార్తాలో ఆసియా ఆటల ఫైనలుకెళ్ళారు. పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చేది. ప్రేమానందం బస్సు ఆగేచోటే నిలబడి విప్పాడు. లక్షమంది జనం, ఎవరో రెండు దేశాలవాళ్ళని ఆటలకి రానివ్వలేదని మనవాళ్ళు తప్పుపట్టినందుకు అందరూ మన మీద కోపంగా ఉన్నారట, ఆట పొడుగునా అరుస్తూనే ఉన్నారట. గోల్‌కీపరుకి జ్వరమట. బ్యాకు ఆడే జర్నైల్ సింగ్ తలకి కట్టుతో ముందుకొచ్చి ఆడి గోలు వేశాడట. కొరియా మీద ఒకటికి రెండు గోల్సుతో గెలిచాం. బస్సు దిగినవాళ్ళు పేపరు మీదికి వంగి చప్పట్లు కొట్టారు. ప్రేమానందం కూడా నవ్వాడు. తర్వాత గదికెళ్ళి పేపరంతా మళ్ళీ వెతికాడు. రెఫరీ ఎవరో, అంత జనంలోంచి ఎలా బయటపడ్డాడో ఎక్కడా రాయలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. పున్నమ్మ పోయింది. పేటలో ఆవిడ సమాధి దగ్గరికి తిరుపతిరావు ఒక్కడే వచ్చాడు. మిగతా ఊరు ఆ గోలు మర్చిపోయింది. ప్రేమానందం మాత్రం మర్చిపోలేదు. నిజం తెలిసినవాడు ఒక్కడున్నాడు, బంతిని కౌగిలించుకున్నవాడు. వాడు బల్ల వైపు చూస్తూ చెప్పాడు. నా వైపు చూసి చెప్పలేదు. ఆ కుర్రాణ్ణి ఒక్కసారి ఒంటరిగా అడిగితే అన్న కోరిక ఎన్నోసార్లు కలిగింది. అడిగితే ఏం చెబుతాడోనన్న భయంతో అన్నిసార్లూ ఊరుకున్నాడు. అప్పటికి భవానీప్రసాద్ గుంటూరులో డాక్టరు చదువుకి వెళ్ళిపోయాడు.

అరవై ఆరు ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం అతనే వచ్చాడు. ప్రేమానందం నందిగామ ఇంటి వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. పొడుగాటి మనిషి గుమ్మం ముందు చెప్పులు విడిచి, "మాస్టారండీ, బాగున్నారా?" అన్నాడు. చేతిలో మడతపెట్టిన పేపరుంది.

కమలాకుమారి కుర్చీ వేసింది. అతను కుర్చీలో కాకుండా మెట్టు మీద కూర్చున్నాడు.

"లండన్ ఫైనలు చదివారా?"

"చదివా."

ప్రేమానందం అప్పటికి దాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఇంగ్లండు, జర్మనీ చెరి రెండు. అదనపు సమయంలో ఇంగ్లండు వాడు కొట్టిన బంతి పై బద్దకి తగిలి కిందపడి బయటికొచ్చింది. గోలా కాదా రెఫరీకి తెలియలేదు. లైన్స్‌మన్ దగ్గరికి పరిగెత్తాడు. ఒకడిది స్విట్జర్లాండు, ఒకడిది రష్యా, ఒకరి భాష ఒకరికి రాదు. లైన్స్‌మన్ తల ఊపాడు. గోలు. మహారాణి ముందు, ప్రపంచమంతా చూస్తుండగా. ఇప్పటికీ సగం మంది పడిందనీ సగం మంది పడలేదనీ అంటున్నారు.

"ఇది చదివినప్పటినించీ నాకు నిద్ర సరిగ్గా లేదండీ" అన్నాడు భవానీప్రసాద్. "మీ దగ్గరికి ఎప్పుడో రావాల్సింది."

ప్రేమానందం చేతిలో పేపరు మడతపెట్టాడు. ఇన్నేళ్ళుగా కావాలనుకున్న మాట ఇప్పుడు రాబోతోంది. వద్దు, చెప్పొద్దు అనాలనిపించింది. ఈలోపే భవానీప్రసాద్ మొదలెట్టాడు.

"ఆ రోజు బంతి ఎక్కడ పడిందో నాకు తెలియదు మాస్టారూ. తిరుపతిరావు ఎగరడం చూశా. కళ్ళు మూసుకున్నా. చప్పుడు వినపడింది. కళ్ళు తెరిచేసరికి కాళ్ళ దగ్గరుంది. దాని మీద పడ్డా. మీటింగులో నాన్నగారు చెప్పమన్నది చెప్పా."

"కళ్ళు మూసుకున్నావా?"

"మూసుకున్నానండి."

ప్రేమానందం లేచి నిలబడ్డాడు. విద్యార్థి మీద గొంతెత్తి ఎరగని మనిషి, వీధిలోకి వినపడేట్టు అరిచాడు. "గోల్‌కీపరువి కదరా! బంతి మీంచి చూపు తియ్యొద్దని ఎన్నిసార్లు చెప్పా నీకు? కళ్ళు మూసుకోవడమేమిట్రా?"

భవానీప్రసాద్ తల వంచుకున్నాడు. ప్రేమానందం అరిచి అరిచి, మాటలైపోయి కూలబడ్డాడు. వీరులపాడు గది, శనివారం బస్సులు, అమ్మ భయం, అన్నీ ఒక్కసారి మీదకొచ్చాయి. ఇన్నాళ్ళూ ఎక్కడో ఒకడికి తెలుసులే అన్న ఆధారం ఒకటుండేది. అదీ పోయింది. ఎవరికీ తెలియదు. ఇంకెప్పటికీ తెలియదు. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాక, ఎందుకో కొంచెం తేలికగా అనిపించింది. తనొక్కడికే తెలియలేదనుకుని కదా ఇన్నేళ్ళూ సిగ్గుపడింది.

కమలాకుమారి మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. "ముందు తాగండి. అరవడానికి ఓపిక కావాలిగా" అంది.

మజ్జిగ తాగాక భవానీప్రసాద్ అసలు వచ్చిన పని చెప్పాడు. కళ్ళు మూసుకున్న మాట నాన్నగారికి చెప్పేశాడట. ఆయన రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు, మళ్ళీ మ్యాచి పెట్టండి అన్నాడట. పేట వాళ్ళనీ అడిగారు, తిరుపతిరావు ఒప్పించాడు. ఇక రెఫరీ ఎవరన్నది వచ్చింది.

"నాన్నగారేమన్నారంటే, 'ఇంకెవణ్ణి తెచ్చినా ఎటు మొగ్గుతాడో చెప్పలేం. ఆయన నా అరుగు మీద కూర్చుని కూడా మొగ్గలేదు. ఆయన్నే పిలవండి' అన్నారండి."

"నా వల్ల కాదు" అన్నాడు ప్రేమానందం వెంటనే.

"కాకపోతే చెప్పండి. మళ్ళీ వస్తా" అని భవానీప్రసాద్ దండం పెట్టి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు కూడా. మూడోసారి వచ్చినప్పుడు కమలాకుమారి లోపల్నించి, "వల కట్టిస్తే వస్తారులే బాబూ" అంది. ప్రేమానందం కాదనలేకపోయాడు.

మ్యాచి డిసెంబరులో పేటలో జరిగింది. మునేటి మీద చేపలు పట్టే బెస్తవాళ్ళ దగ్గర పాత వలలు రెండు తెచ్చి పోస్టులకి బిగించారు. ప్రేమానందం పొద్దున్నే వెళ్ళి ప్రతి ముడీ లాగి చూశాడు. సున్నం గీతలు దగ్గరుండి వేయించి, ఇంకో బస్తా సున్నం పక్కన పెట్టించాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా మాటిమాటికీ తలెత్తి చూశాడు. ఈల తీసి నోట్లో పెట్టుకుంటే పెదాలు ఆరిపోయి ఉన్నాయి. మొదటిసారి ఊదితే గాలే వచ్చింది. నందిగామ ఆటగాళ్ళు నవ్వారు. రెండోసారి మోగింది.

ఆట మొదలైన కొంతసేపటికే నందిగామ కుర్రాడొకడు దూరం నుంచి గట్టిగా కొట్టాడు. బంతి వలలో పడి, వల సంచిలా ఉబ్బింది. రెండూళ్ళ జనమూ చూశారు. గ్రౌండంతా అరుపులు. పేట గోల్‌కీపరు వెళ్ళి వలలో చిక్కుకున్న బంతిని విడదీసుకుంటున్నాడు. ఎవరికీ ఏ అనుమానమూ లేదు.

ప్రేమానందం మాత్రం వల దగ్గరికి పరిగెత్తి, బంతి వైపు చూసి, గీత వైపు చూసి, మళ్ళీ బంతి వైపు చూశాడు. అప్పుడు ఈల ఊదాడు.